ప్రైవేట్ నంబర్ చెప్పండి మేడమ్

ఫోన్లో ఎవరేం చెప్పినా నీలకంఠంగారు నమ్మరు. చెప్పింది మళ్ళీ చెప్పించుకుంటారు, తాను విన్నది తిరిగి అప్పజెప్తారు, అంతా సరిపోయాక గొంతు సవరించుకుని, "ఆఁ, ఇప్పుడు ప్రైవేట్ నంబర్ చెప్పండి" అంటారు. గ్యాస్ బండ కుర్రాడైనా అంతే, కరెంటాఫీసు గుమాస్తా అయినా అంతే, విజయనగరంలో ఉన్న సొంత బావమరిదైనా అంతే. ఆ బావమరిది ఓసారి కూతురికి పురుడొచ్చిందని చెప్పడానికి ఫోన్ చేసి, ఏ బిడ్డో చెప్పేలోపే ఈయన నంబరడిగేసరికి ఒళ్ళు మండి పెట్టేశాడు. పుట్టింది ఆడపిల్లని, బారసాల ఫొటోలో గౌను చూస్తే గానీ ఈయన భార్య నూకాలమ్మకి తెలియలేదు.

మనిషికి మతి లేదనుకోకండి. ఉన్న మతినంతా రైల్వేకి ఇచ్చేశారు, అంతే. టాటానగర్ లైన్లో గేట్‌మేన్‌గా చేరి గేట్‌మేన్‌గానే రిటైరయ్యారు. బండి వచ్చే ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు. ఈయన గేటు వేసి, "గేటు బంద్ సార్, ప్రైవేట్ నంబర్ నలభై ఏడు" అని తన దగ్గరున్న రహస్య అంకెల్లోంచి ఒకటి చెప్తారు. మాస్టర్ దాన్ని తిరిగి చదువుతాడు. అప్పుడే సిగ్నల్ పడుతుంది, బండి కదులుతుంది. సర్వీసంతా ఈ అంకెల మీదే గడిచింది. ఉద్యోగం అయిపోయింది గానీ అలవాటు రిటైర్ కాలేదు.

"నంబరు నేకపోతే అది మాట కాదమ్మీ, గాలి" అంటారు పక్కింటి త్రివేణితో. "ఎవుడన్నాడో, ఎవుడిన్నాడో ఎవుడికెరిక?"

"ఇంట్లో పెళ్ళానిక్కూడా నంబరేటి బాబాయ్?"

"పెళ్ళాం మాటకయితే రెండు నంబర్లు తీసుకోవాల."

నూకాలమ్మ లోపల్నుంచి గరిట చప్పుడు చేసేది. ఆవిడ బాధ ఆవిడది. ఓసారి బజారునుంచి ఫోన్ చేసి కాకరకాయలు తెస్తున్నానంది. "ఎంత? మళ్ళీ చెప్పు" అన్నారీయన. ఆవిడకి చిర్రెత్తి ఫోన్ కట్టేసి, ఆ చిరాకులోనే కూరలవాడితో ఒకటిన్నర కిలో అనబోయి "ఢాయీ" అంది. డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయీ అంటే రెండున్నర. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు కూడా ఈ రెండింటి దగ్గర కాలు జారుతూనే ఉంటారు. ఆ వారమంతా ఆ ఇంట్లో కాకరకాయ వేపుడు, కాకరకాయ పులుసు, కాకరకాయ కారం.

"చూసేవా? మళ్ళీ చెప్పించుకుంటే ఈ చేదు తప్పును కదా" అని నీలకంఠంగారు ప్రతి ముద్దకీ అన్నారు.

బారిడీహ్‌లోని ఆ సందులో అందరూ ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. త్రివేణి కూడా నవ్వేది, నవ్వే ఓపిక ఉన్నన్నాళ్ళు.

త్రివేణి కూతురు ప్రసన్నకి ఆరేళ్ళు. పిల్లకి మూర్ఛలు. ఆడుతూ ఆడుతూ కళ్ళు తేలేస్తుంది, చేతులు కొట్టుకుంటాయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు లేచి "మమ్మీ, పానీ దో" అని నీళ్ళడుగుతుంది. ఆ కాసేపట్లో తల్లి ప్రాణం ఎన్నిసార్లు పోయి వస్తుందో ఆ పిల్లకేం తెలుసు! పొద్దునా సాయంత్రం ఒక సిరప్ పోయాలి. మధ్యలో ఆపితే అసలుకే మోసమని మొదటి రోజే చెప్పారు. పిల్లల నరాల డాక్టరమ్మ ఉండేది వేరే ఊళ్ళో. మొదటిసారి రైల్లో వెళ్ళి చూపించుకొచ్చారు. ప్రతిసారీ అంత దూరం రానక్కర్లేదు, ఫోన్లోనే చూస్తామన్నారు ఆసుపత్రివాళ్ళు. త్రివేణి మొగుడు ప్రేమ్‌కుమార్ ప్లాంటులో కాంట్రాక్టు పనివాడు, డ్యూటీ ఎగ్గొడితే వేరేవాణ్ణి పెట్టుకుంటారు. ఫోన్లో చూస్తారంటే ఆ మొగుడూ పెళ్ళాలు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాత తెలిసింది, ఆ దణ్ణం తొందరపడి పెట్టామని. ఫోన్ తెరవగానే "మీరు వరుసలో ఉన్నారు" అని ఒక పాట మొదలవుతుంది. పాట అయ్యాక మళ్ళీ అదే పాట. పిల్ల ఆకలంటుంది, తర్వాత నిద్రంటుంది, డాక్టరమ్మ మొహం తెరమీదికి వచ్చేసరికి పిల్ల గురక పెడుతూ ఉంటుంది. వచ్చిన మొహం నోరు తెరిచి తెరిచినట్టే బొమ్మలా నిలబడిపోతుంది. త్రివేణి "హలో మేడమ్, హలో మేడమ్" అని ఆ బొమ్మకే అంతా చెప్పుకుంటుంది. ఎలాగో మాట్లాడటం అయితే, చీటీ వస్తుంది. ఆ చీటీలో మందు పేరుంటుంది, ఎంత పొయ్యాలో ఉండదు. 'చెప్పిన ప్రకారం' అని ఉంటుంది. సాక్చీలో మందుల షాపువాడు కొత్త చీటీ లేనిదే సీసా ఇవ్వడు. "పురానా పర్చా నహీ చలేగా, భాభీజీ." ఇక్కడి పిల్లల డాక్టరు, ఈ మందు సంగతి ఆ పెద్ద డాక్టరమ్మే చూడాలంటాడు. ఒక్కోసారి త్రివేణికి ఫోన్ నేలకేసి కొట్టాలనిపించేది. కొడితే మళ్ళీ మందెలా వస్తుంది?

వీటన్నిటి మీదా ఇంకొక గ్రహచారం. ఆ సందులో నెట్ సరిగ్గా అందేది ఒక్క నీలకంఠంగారి వరండాలోనే.

అందుకని ఫోన్లో డాక్టరమ్మ వచ్చే రోజు నూకాలమ్మా త్రివేణీ కలిసి ఆయన్ని ఏదో ఒక పని మీద బజారుకి తోలేసేవాళ్ళు. "కొత్తిమీర అయిపోయింది, తెత్తారేటి?" అనేది నూకాలమ్మ, వెనకాల కొత్తిమీర కట్ట దాచిపెట్టి. చాలాసార్లు సాగింది. కానీ ఆ రోజు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే డాక్టరమ్మ చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. నీలకంఠంగారు అప్పుడే చెప్పులు వేసుకుంటున్నారు. ఫోన్లో గొంతు వినగానే చెప్పులు వదిలేసి వచ్చి, త్రివేణి భుజం వెనకాల అటెన్షన్‌లో నిలబడ్డారు.

"బచ్చీ కో దవా కితనీ దే రహే హైఁ?" అని మందు లెక్క అడిగింది డాక్టరమ్మ.

"దో ఎమ్మెల్ మేడమ్, సుబహ్ షామ్."

"హాఁ, దో ఎమ్మెల్ హీ దీజియే" అంది డాక్టరమ్మ.

"ఫిర్ సే బోలియే!" వెనకనుంచి గర్జించారు నీలకంఠంగారు. డాక్టరమ్మ ఉలిక్కిపడింది. పాపం, ఓపికగానే మళ్ళీ చెప్పింది. "దో ఎమ్మెల్."

"దో. టూ. రెండు. ఠీక్ హై." గొంతు సవరించుకున్నారు. త్రివేణి "బాబాయ్, వద్దు" అనేలోపే ఆయన అనేశారు. "అబ్ ఆప్‌కా ప్రైవేట్ నంబర్ దీజియే, మేడమ్."

"క్యా?"

"ప్రైవేట్ నంబర్. ఆప్‌కా."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. ఈసారి బొమ్మలా నిలిచిపోయింది నెట్ వల్ల కాదు. సరిగ్గా వినపడలేదనుకుని నీలకంఠంగారు, సిగ్గుపడకుండా ఇచ్చేయమని సందు చివరిదాకా వినపడేలా అరిచారు. "ప్రైవేట్! నంబర్! శర్మాయియే మత్, దే దీజియే!"

తెర నల్లగా అయిపోయింది.

సాయంత్రం ప్రేమ్‌కుమార్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. రోగి తాలూకు పెద్దమనిషి డాక్టరుతో అసభ్యంగా ప్రవర్తించినందున ఈ ఖాతా నిలిపివేశాం, అని. ప్రేమ్‌కుమార్ చదివి, నమ్మలేక ఇంకోసారి చదివి, ఫోన్ మంచం మీద పెట్టి గోడకి తల ఆనించుకున్నాడు. త్రివేణి సిరప్ సీసా తీసి వెలుతురుకి పెట్టి చూసింది. అడుగు కనిపిస్తోంది.

ఆవిడ చరచరా పక్కింటికి వెళ్ళింది. పెద్దాయనని ఎప్పుడూ ఒక్క మాట అనని మనిషి, ఆ రోజు ఆగలేదు.

"మీ నంబరు గోలతో నా పిల్ల మందు పోగొట్టేరు బాబాయ్! ఆవిడ సొంత ఫోన్ నంబరు అడుగుతన్నారనుకుంది. మీకేటి, మీకిది తమాషా. రేపు సీసా అయిపోతే నా పిల్ల..." అంటూనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చేసింది.

నీలకంఠంగారికి అసలు విషయం అప్పుడే బోధపడింది.

ఆ తర్వాతి రోజుల్లో పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మెషీన్ మాట్లాడుతుంది. ఒకటి నొక్కమంటుంది, నొక్కితే రెండు నొక్కమంటుంది, రెండు నొక్కితే ధన్యవాదాలు చెప్పి పెట్టేస్తుంది. ప్రేమ్‌కుమార్ సాక్చీ, భాలుబాసా, సీతారామ్‌డేరా తిరిగి ప్రతి మందుల షాపువాణ్ణీ బతిమాలాడు. పాత చీటీ చూసి ఒకడు జాలిపడ్డాడు, ఒకడు కసిరాడు, మందు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఈలోగా పిల్లకి ఇంకోసారి మూర్ఛ వచ్చింది. త్రివేణి చెంచాలోకి సిరప్ వంచుతూ, ఒక్క చుక్క కింద పడితే ఆ చుక్కని చూస్తూ కూర్చుండిపోయేది. ఏడుపు కూడా వచ్చేది కాదు.

పక్కింట్లో ఇంకో వింత జరిగింది. నీలకంఠంగారు నంబరడగటం మానేశారు. గ్యాస్ కుర్రాడు ఫోన్ చేస్తే "ఆఁ, సరే" అని పెట్టేశారు. కుర్రాడికి అనుమానమొచ్చి మళ్ళీ చేసి, "చాచా, తబియత్ ఠీక్ హై న?" అని ఒంట్లో ఎలా ఉందో కనుక్కున్నాడు. నూకాలమ్మ హడలిపోయి త్రివేణి గుమ్మంలోకి వచ్చింది.

"ఓలమ్మో, ఆయనకేటో అయిపోనాదే! పొద్దున్న లేత్తే పెరట్లో కుళాయి కాడ కూకుని ఫోన్ చెవికెట్టుకుంటన్నారు. ఎవుళ్తోటి మాటాడుతన్నారో తెల్దు. నేనెల్తే ఆపీత్తన్నారు."

"నాకెందుకు పిన్నీ, ఆయన ఎవరితో మాట్లాడితే నాకేటి" అంది త్రివేణి, మొహం తిప్పుకుని. నూకాలమ్మ చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

సీసాలో ఇక రెండు మూడు చెంచాలే మిగిలాయనగా ఫోన్ మోగింది. హెల్ప్‌లైన్ అమ్మాయి. మనిషే, మెషీన్ కాదు. హిందీలో గబగబా చెప్పుకుపోయింది. మీ ఖాతా తెరిచాం మేడమ్, రేపు పదకొండింటికి డాక్టరుగారు మాట్లాడతారు.

త్రివేణి ఆపి అడిగింది. "ఎలా? మేము మాట్లాడనే లేదు కదా?"

"మీ నాన్నగారు మాట్లాడారు కదా. తప్పు ఒప్పుకున్నారు."

"మా నాన్నగారా?"

"నీలకంఠంజీ. చెడు ఉద్దేశంతోనే డాక్టరుగారి నంబరు అడిగానని చెప్పారు. క్షమాపణ చెప్పారు. వీడియో సమయంలో ఆ ఇంట్లో అడుగు పెట్టనని మాటిచ్చారు. నేను రికార్డు చేశాను." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఒకటి చెప్పనా మేడమ్? ఆయన్ని కొంచెం కనిపెట్టుకుని ఉండండి. మంచాయనలాగే ఉన్నారు, కానీ..."

త్రివేణి ఫోన్ చేత్తో పట్టుకునే పక్కింటికి పరిగెత్తింది. నీలకంఠంగారు కుళాయి దగ్గర పీట మీద కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డారు, తిట్టించుకోవడానికి తయారైనట్టు.

"ఏటి చెప్పేరు బాబాయ్ వాళ్ళకి?"

"ఉన్నదే చెప్పేనమ్మీ ముందు. గేటు, బండి, మాస్టర్, అంకెలు... ఆ మెషీన్‌కి చెప్పేను. అది మంచిదే, ఎన్నిసార్లు మళ్ళీ చెప్పమంటే అన్నిసార్లు చెప్పింది. నా సర్వీసులో అంత ఓపికున్నోళ్ళని సూళ్ళేదు. కానీ దానికి అర్థం అవలేదు. తరవాత మనిషి దొరికింది. ఆ పిల్లకీ ప్రైవేట్ నంబరంటే ఏటో రోజూ చెప్పేను. 'అంకుల్, మీరు డాక్టరుగారి నంబరు అడిగేరా నేదా?' అంటాది. అడిగేనమ్మా, అది ఆ నంబరు కాదు అంటాను. 'అడిగేరా నేదా?' అంటాది. సీసా అయిపోతంది కదా. ఆఖరికి, అవునమ్మా, నాదే తప్పు, నా బుద్ధి మంచిది కాదు అనీసేను. వెంటనే అర్థమైపోయింది."

వెనకనుంచి నూకాలమ్మ అంతా వింది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఈ వయసులో ఆడకూతురి నంబరడిగినానని ఒప్పుకున్నారా? రికార్డు కూడా చేసీసేరా? నా మొకం ఎక్కడెట్టుకోను!"

"ఎక్కడో అక్కడెట్టుకో. పిల్ల మందు ముఖ్యం."

త్రివేణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉద్యోగంలో ఒక్క మచ్చ పడలేదని, అధికారి మెచ్చుకున్న రోజుని పండగలా చెప్పుకునే మనిషి ఈయన. ఆవిడ ఏదో అనబోతే ఆయనే అడ్డం వచ్చారు. "రేపు నాను లోపలుండనమ్మీ. మాటిచ్చీసేను. వరండా నీది, బయట నాది."

బయట నాది అంటే ఏమిటో మర్నాడు తెలిసింది. పదకొండవబోతూ ఉండగా త్రివేణి పిల్లని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. నీలకంఠంగారు పాత రైల్వే చొక్కా వేసుకుని మెట్టు కింద నిలబడ్డారు. మెళ్ళో విజిల్. ఒక కర్రకి ఎర్ర గుడ్డ, ఇంకో కర్రకి ఆకుపచ్చ తువ్వాలు. ఆ ఎర్రది, నూకాలమ్మకి ఎవరో పెళ్ళిలో పెట్టిన జాకెట్టు గుడ్డ.

"గేటు ఏసీత్తన్నాను. ప్రైవేట్ నంబర్ ముప్ఫై ఆరు" అన్నారు.

ఎప్పుడూ విసుక్కునే త్రివేణి ఆ రోజు నెమ్మదిగా, "ముప్ఫై ఆరు, బాబాయ్" అంది. ఆయన తలాడించి సందు మొదట్లోకి నడిచారు.

వరండా కటకటాల్లోంచి ఆవిడకి అంతా కనిపిస్తూనే ఉంది. పాట పెట్టుకుని వచ్చే చెత్త బండికి ఎర్రగుడ్డ అడ్డం పెట్టి పాట కట్టించారు. ఐస్‌క్రీమ్ బండివాడి గంటని చేత్తో పట్టుకున్నారు. విజిల్ మాత్రం ఊదలేదు, చప్పుడవుతుందని. దారెందుకు మూశారని ఒక ఆటోవాడు తల బయట పెట్టి అరిచాడు.

"క్యా హుఆ చాచా? రాస్తా క్యోఁ బంద్ హై?"

"గాడీ ఆ రహీ హై" అన్నారీయన, మూతి మీద వేలేసి.

"యహాఁ పట్రీ కహాఁ హై?"

"చుప్!"

పట్టాలు లేని సందులో వచ్చే ఆ బండేదో చూద్దామని ఆటోవాడు ఇంజన్ కట్టి కూర్చున్నాడు. వాడి వెనకాల పాత ఇనప సామానువాడు, వాడి వెనకాల ఇంకెవరో. ఆ సందు అంత నిశ్శబ్దంగా ఉండటం త్రివేణి ఎప్పుడూ ఎరగదు.

డాక్టరమ్మ వచ్చింది. ముందు త్రివేణి భుజం వెనక్కి చూసింది. "వో అంకుల్...?"

"నహీ మేడమ్. బాహర్ హైఁ."

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుని పిల్లని చూసింది, మళ్ళీ మూర్ఛ వచ్చిందంటే వివరాలన్నీ అడిగింది. రాత్రికి కొత్త మాత్ర ఒకటి వేయాలంది. సిరప్ ఇక నుంచి డేఢ్ ఎమ్మెల్ అంది.

మూర్ఛ వచ్చాక మందు పెంచుతారనే త్రివేణి అనుకుంటూ ఉంది. అనుకున్నదే వినపడింది. రెండు నుంచి రెండున్నర. "జీ మేడమ్" అని పెట్టేయబోయింది. చీటీలో ఎలాగూ 'చెప్పిన ప్రకారం' అనే వస్తుంది. ఆ నిశ్శబ్దంలో కటకటాల అవతల ఎర్రగుడ్డ కనిపించింది. ఎందుకో నోరు దానంతటదే తిరిగి అప్పజెప్పింది.

"ఢాయీ ఎమ్మెల్, మేడమ్. టూ పాయింట్ ఫైవ్."

"నహీ నహీ! డేఢ్! వన్ పాయింట్ ఫైవ్!" అని, కొత్త మాత్ర ఉంది కదా, ఢాయీ ఇస్తే పిల్ల మత్తులో పడిపోతుందంది డాక్టరమ్మ.

త్రివేణి "డేఢ్. ఒకటిన్నర. వన్ పాయింట్ ఫైవ్" అని అప్పజెప్పింది, పిల్లని గట్టిగా పట్టుకుని. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఆ కంగారులో నోరు ఇంకో అడుగు ముందుకేసింది. "అబ్ ఆప్‌కా ప్రైవేట్ నంబర్..."

నాలిక కరుచుకుంది. తెరమీద మొహం కదల్లేదు. అయిపోయింది, మళ్ళీ అంతా అయిపోయింది అనుకుంది. తెర నల్లబడేలోపు చెప్పేయాలని వచ్చిన హిందీ రాని హిందీ కలిపి గేటు గురించి, బండి గురించి, మాస్టర్ గురించి, అంకెల గురించి, ఆ పెద్దాయన ఒప్పుకున్న చేయని తప్పు గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఫోన్ తిప్పి, సందు మొదట్లో ఎర్ర జాకెట్టు గుడ్డ పట్టుకుని నిలబడ్డ మనిషినీ, ఆయన వెనక ఆగిపోయిన ఆటోలనీ చూపించింది.

డాక్టరమ్మ అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. నవ్వుతోంది.

"అంకుల్ కో బోలియే, తిరపన్."

తిరపన్ అంటే ఎంతో త్రివేణికి తెలియదు. "ఫిర్ సే బోలియే మేడమ్" అంది.

"ఫైవ్ త్రీ" అంది డాక్టరమ్మ, ఇంకా నవ్వుతూనే. చీటీ అప్పటికప్పుడే వచ్చింది. అందులో 'చెప్పిన ప్రకారం' లేదు. ఒకటిన్నర ఎమ్మెల్ అని అంకెల్లో ఉంది.

త్రివేణి పిల్లని చంకనేసుకుని సందులోకి పరిగెత్తింది. "బాబాయ్! ప్రైవేట్ నంబర్ యాభై మూడు! డాక్టరమ్మే ఇచ్చింది!"

నీలకంఠంగారు గొంతు సవరించుకున్నారు.

"యాభై మూడు. ఐదు, మూడు. మూడేనా?"

"మూడే బాబాయ్."

"మళ్ళీ చెప్పు."

"యాభై మూడు."

"తాతా, మై భీ బోలూఁ? ఐదూ మూడూ!" అని ప్రసన్న అరిచింది. అప్పుడు ఆయన ఎర్రగుడ్డ దించి ఆకుపచ్చ తువ్వాలు ఎత్తి, ఇందాకటినుంచి ఆపుకున్న విజిల్ ఊపిరి ఉన్నంతసేపూ ఊదారు. ఆటోలు, చెత్త బండి, ఐస్‌క్రీమ్ గంట అన్నీ ఒక్కసారిగా మోగుతూ సందులోకి వచ్చిపడ్డాయి.

గుమ్మంలో నిలబడి అంతా చూసిన నూకాలమ్మ, వచ్చి తన జాకెట్టు గుడ్డ కర్రనుంచి విప్పుకుంటూ మొగుడి కేసి ఓరగా చూసింది.

"మొత్తానికి ఆ డాక్టరమ్మ నంబరు సంపాదించీసేరన్నమాట!"